కుండీ అడుగున రాళ్లు పోస్తే నీళ్లు దిగవు

తిరుపతి ఇళ్లలో కార్తీకం వచ్చేసరికి కోటలో తులసి వాడిపోవడం కొత్త కాదు. దీపం పెట్టే నెలలోనే ఇలా అయిందే అని దిష్టి మీదికో, మైల మీదికో నెట్టేస్తారు. కోటలో మన్ను తవ్వి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పైన బెత్తెడు మన్ను మామూలుగానే ఉంటుంది. దాని కింద నల్లటి బురద, మురుగుకాలవ వాసన. వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగులుతుంది. వేరు కుళ్లుకు ఇంతకన్నా పక్కా గుర్తు అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, రోజూ పూజకు చెంబెడు నీళ్లు, అడుగున తూము లేని సిమెంటు కోట. ఈ మూడూ కలిశాక తులసి ఎన్నాళ్లు బతుకుతుంది?

మిద్దె మీది గులాబీ, మల్లె, కరివేపాకు కుండీలకు తూములు ఉంటాయి. అయినా వాటిలో కొన్ని అదే తీరున పోతాయి. ఆకులు కిందినుంచి పసుపెక్కుతాయి, మన్ను తడిగా ఉండగానే కొమ్మలు వాలిపోతాయి. నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తారు, దాంతో పని పూర్తవుతుంది. పక్కింటివాళ్లిచ్చే సలహా ఒకటుంటుంది, ‘అడుగున రెండు గుప్పిళ్ల గులకరాళ్లు పోసి, పైన మన్ను పొయ్యాల్సింది’ అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చాలా కుండీల్లో అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మన్ను రేణువుల మధ్య సన్నటి సందులుంటాయి. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టే ఆ సందులు నీళ్లను పట్టి నిలబెడతాయి. సందు ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తు నీళ్లు నిలుస్తాయి. వెడల్పు 0.3 మిల్లీమీటర్లయితే సుమారు 10 సెంటీమీటర్లు, 1 మిల్లీమీటరయితే 3, 3 మిల్లీమీటర్లయితే 1. కుండీకి నిండా నీళ్లు పోసి, తూముల్లోంచి కారడం ఆగిపోయాక కూడా అడుగున ఈ మేరకు మన్ను పూర్తిగా నీళ్లతో నిండే ఉంటుంది. అక్కడ గాలికి చోటు లేదు. గాలి లేని చోట వేరు ఊపిరాడక చచ్చిపోతుంది, ఆపైన పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు అందుకుంటాయి.

ఈ నీటి మట్టం ఎత్తు మన్ను రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. కిటుకంతా ఇక్కడే ఉంది. సన్నటి ఎర్రమన్ను పోసిన 15 సెంటీమీటర్ల కుండీలో కింది 10 సెంటీమీటర్లు నీళ్లు, వేరుకు మిగిలేది పైన 5. అదే మన్ను 30 సెంటీమీటర్ల కుండీలో పోస్తే కింద అదే 10 పోయినా పైన 20 మిగులుతుంది. ఇప్పుడు 15 సెంటీమీటర్ల కుండీ అడుగున 5 సెంటీమీటర్లు గులకరాళ్లు పోద్దాం. మన్ను ఎత్తు 10కి తగ్గింది. నీటి మట్టం ఎక్కడికీ పోలేదు. సన్నటి సందుల్లోని నీళ్లు రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి వాటంతటవి దూకవు, పైమన్ను పూర్తిగా నానితే తప్ప కిందికి చుక్క రాలదు. అంటే ఆ 10 సెంటీమీటర్లూ ఇప్పుడు బురదే. రాళ్లు పోసి నీళ్లను కిందికి దించలేదు, వేళ్ల దాపుకు పైకి ఎత్తాం.

నమ్మకం కుదరకపోతే అంట్లు తోమే స్పాంజి చాలు. నీళ్లలో బాగా ముంచి, అరచేతిలో బల్లపరుపుగా పట్టుకుని కారడం ఆగేదాకా ఆగండి. తర్వాత దాన్ని అలాగే నిలువుగా తిప్పండి, పిండొద్దు. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, సందులూ అవే, ఎత్తు ఒక్కటే మారింది. వెడల్పాటి లోతులేని తొట్టికీ, సన్నగా పొడుగ్గా ఉండే కుండీకీ తేడా ఇదే. తూములు రెండుంటే నాలుగు చేసినా ఈ మట్టం దిగదు, నీళ్లు కాస్త తొందరగా కారతాయంతే.

మరి చిత్తూరు వైపు ఎర్రనేలలు వానను చక్కగానే పీల్చుకుంటాయి కదా, అదే మన్ను కుండీలోకి రాగానే ఎందుకు మొండికేస్తుంది? చేలో ఆ మన్ను కింద మరో రెండు మూడు మీటర్ల మన్ను ఉంటుంది. సందులన్నీ తెగకుండా కిందిదాకా కలిసి ఉండటంతో అడుగుమన్ను నీళ్లను లాక్కుంటూ పోతుంది. వానపాముల బొరియలు, చెదల దారులు, ఎండిపోయిన పాత వేళ్లు వదిలిన సొరంగాలు దానికి తోడు. కుండీలో మన్ను కొన్ని అంగుళాలకే ఆగిపోతుంది, ఆ కింద ఉన్నది ఉత్త గాలి. పైగా పారతో తవ్వి, దంచి, జల్లించేసరికి గుల్లగా ఉన్న పెళ్లలు పిండి అయిపోతాయి. నాలుగు నెలలు పైనుంచి చెంబుతో పోసేసరికి ఆ పిండి కిందికి దిగి, పైన పెచ్చు కట్టి, మన్ను మొత్తం అచ్చు ఇటుకలా బిగుసుకుంటుంది.

దీనికి ఇసుక కలపమంటారు. ఏ ఇసుక, ఎంత అన్నది చెప్పరు. మేస్త్రీ కాంక్రీటులో జల్లి, ఇసుక, సిమెంటు కలిపేది ఒకదాని సందులో ఒకటి దూరి ఖాళీ మిగలకూడదని. కుండీకి కావాల్సింది సరిగ్గా దానికి తిరగబడిన పని. రెండు తట్టల ఎర్రమన్నులో ఒక తట్ట సన్న ఇసుక కలిపితే మేస్త్రీ పని చేసినట్టే. వంటింట్లోనూ చూసుకోవచ్చు. గిన్నెడు శనగల్లో పావు గిన్నె రవ్వ పోసి కుదిపితే గిన్నె పొంగదు, రవ్వంతా సందుల్లోకి దిగిపోతుంది. ముతక గింజలు ఒకదాన్నొకటి తాకుతూ నిలబడాలంటే మొత్తం కొలతలో సగం, అంతకన్నా ఎక్కువ అవే ఉండాలి. అంతకన్నా తక్కువైతే అవి కేకులో ఎండుద్రాక్షల్లా మన్నులో మునిగి ఉంటాయి, నీళ్లకు దారి ఇవ్వవు. తేలికైన తెల్ల గుళికల్లా ఉండే పెర్లైటు ఒక గుప్పెడో, రెండు గుప్పిళ్ల ఇసుకో కలిపి కుండీ బాగుపడలేదని వాపోయేవాళ్లంతా ఇక్కడే తప్పుతారు.

ముతక సరుకు కోసం ఆన్‌లైన్‌లో వెతకాల్సిన పని లేదు. ఇటుక బట్టీ దగ్గర విరిగిన ఇటుకలు దొరుకుతాయి. వాటిని గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టి, 3 నుంచి 8 మిల్లీమీటర్ల ముక్కలు తీసుకోవాలి. సెనగగింజ సైజు అనుకుంటే సరిపోతుంది. కొట్టాక కిటికీకి కొట్టే దోమతెర మీద పోసి ఊపితే పొడి కిందికి రాలిపోతుంది. ఆ పొడిని కుండీలో వెయ్యకండి, మళ్లీ సందులు పూడ్చేది అదే. ఇటుకముక్క తనలో కాస్త నీళ్లు దాచుకుంటుంది, బయట దారి ఇస్తుంది, ఏళ్ల తరబడి నలగదు. ఒక్కటే జాగ్రత్త, పాత గోడ పడగొట్టిన చోటి ఇటుకలు వద్దు. వాటికంటిన సిమెంటు, సున్నం మన్నును క్షారంలోకి నెట్టి, మల్లె ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా మారేలా చేస్తాయి.

క్రషర్ దగ్గర దొరికే 6 మిల్లీమీటర్ల గ్రానైటు చిప్స్ కూడా పనికొస్తాయి, కాకపోతే నీళ్లు పట్టవు, బరువెక్కువ. రాతి ఇసుకలో దుమ్ము ఎక్కువ. జల్లించి, రెండుసార్లు కడిగితే తప్ప వాడకూడదు. ఏటి ఇసుకలోంచైతే సన్నది జల్లించి పారేసి, జల్లెడ మీద మిగిలిన ముతకదాన్ని ఉంచుకోవాలి. ఇంటిపనికి అక్కర్లేదని మేస్త్రీలు పక్కన పోసే గరుసు ఇసుకే కుండీకి మంచిది.

రైసుమిల్లు ఊక ఈ ప్రాంతంలో చవగ్గా దొరికే మంచి సరుకు. దాన్లో సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా చివకదు, ఏడాదికి పైగా నిలుస్తుంది, ఇటుకముక్కతో పోలిస్తే బరువే లేదు. ఉప్పుడు బియ్యం మిల్లు ఊకయితే మరీ మంచిది, ఉడికిన వడ్ల నుంచి వచ్చింది కాబట్టి అందులో మిగిలిన గింజలు మొలవవు. సగం కాలి నల్లగా గుల్లగా ఉన్న ఊక కూడా పనికొస్తుంది. పూర్తిగా కాలిన తెల్లబూడిద మాత్రం వద్దు, అది సున్నంలా సందులు మూసేసి క్షారం పెంచుతుంది. చెనక్కాయ పొట్టు ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, కానీ కుండీలో ముతక సరుకుగా అది ఆర్నెల్లు కూడా నిలవదు, చెదలను పిలుస్తుంది. దాన్ని ఎరువు గుంతలో వేసుకోవడం మేలు. చెరకు పిప్పిదీ అదే కథ.

పెర్లైటు చెడ్డది కాదు. మిద్దె మీద పెద్ద వాన పడితే తేలి పైకొచ్చి, కుండీ అంచు దాటి కాలవలోకి పోతుంది, ఖర్చంతా నీళ్లపాలు.

కొబ్బరి పొట్టు, అంటే కోకోపీటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల పైన పొట్టు వస్తుంది, అందుకే అందరూ దాన్నే సగానికి సగం కలిపేస్తారు. అది గాలిని కాదు, నీళ్లను పట్టడంలో దిట్ట. సన్నగా పొడిలా ఉన్న పొట్టు సగం కలిస్తే నవంబరులో కుండీ తడిగుడ్డలా ఉంటుంది. పైగా కడగని పొట్టులో సోడియం, పొటాషియం లవణాలుంటాయి. దిమ్మ నానాక వడగట్టి, నీళ్లు మార్చి మరో రెండుసార్లు నానబెట్టి పిండాలి. మొదటిసారి దిగే నీళ్లు కాఫీ రంగులో ఉంటాయి, మూడోసారికి పలచని టీ రంగుకు వస్తాయి. పీచు కలిసిన ముతక రకం దొరికితే అదే కొనాలి.

కొలతకు ఏదో ఒక డబ్బా పెట్టుకుందాం, పూలకూ కూరగాయలకూ పది డబ్బాల లెక్క. ఇటుకముక్క 3, ఊక 2, జల్లెడ పట్టని ఎర్రమన్ను 2, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ 2, కడిగిన కొబ్బరి పొట్టు 1. వర్మీకంపోస్టు రెండు డబ్బాలు దాటనివ్వకండి, అది కూడా సన్నటి పిండే, ‘బలం’ అని నాలుగు డబ్బాలు వేస్తే కుండీ మూసుకుపోతుంది. తులసికి పొట్టు అక్కర్లేదు. ఇటుకముక్క 4, మన్ను 3, ఎరువు 2, ఊక 1 చాలు. ఎడారి గులాబీకయితే ఇటుకముక్క 6, ఊక 2, మన్ను 1, ఎరువు 1. పుదీనాకు ఈ గొడవేదీ లేదు, తడిలోనే సుఖంగా ఉంటుంది.

కలిపేటప్పుడు సరుకంతా కాస్త చెమ్మగా ఉండాలి. గుప్పెట పట్టి నొక్కితే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే తడి ఎక్కువైనట్టు. కుండీలో పోశాక చేత్తో అదమొద్దు, కుండీని నేలకు రెండుసార్లు తట్టితే చాలు. పైన 3 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. పది డబ్బాలు కలిపితే పది రావు, ఎనిమిదిన్నరకు అటూఇటూ వస్తాయి, చిన్నవి పెద్దవాటి సందుల్లోకి దిగడమే కారణం.

కలిపింది సరైనదా కాదా అన్నది కళ్లతో చెప్పలేం, కొలవాలి. మొక్క పెట్టబోయే కుండీలోనే చెయ్యాలి, ఎత్తు మారితే లెక్క మారుతుందని పైన చూశాం కదా. తూములకు లోపలినుంచి టేపు అంటించి, కుండీలో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ముందు కొలుచుకోండి. 10 లీటర్లనుకుందాం. నీళ్లు పారబోసి, టేపు తీసి, మిశ్రమం అంతే మట్టానికి పోసి, రెండుసార్లు తడిపి ఒక రాత్రి ఉంచాలి. దిగితే ఇంకాస్త పోసి సమం చెయ్యాలి. పొద్దున తూములు బయటినుంచి మూసి, అంచు నుంచి నెమ్మదిగా నీళ్లు పోస్తూ పైన తళుక్కుమనగానే ఆపాలి. పది నిమిషాలయ్యాక కుండీని బేసిను మీద రెండు ఇటుకలపై పెట్టి తూములు తెరవాలి. కారడం ఆగేదాకా ఆగి బేసినులో పడిన నీళ్లు కొలవండి. 1.5 లీటర్లు వస్తే కుండీలో 15 శాతం చోటు గాలికి దక్కినట్టు. 10 శాతం కన్నా తగ్గితే ముతక సరుకు ఇంకో రెండు డబ్బాలు పడాలి. 15 నుంచి 20 మధ్య వస్తే గులాబీకీ, వంగకూ, మల్లెకూ సరిపోతుంది. ఎడారి గులాబీకి 25 దాటినా భయం లేదు. ఉత్త ఎర్రమన్ను కుండీకి ఇదే పరీక్ష పెట్టి చూడండి, బేసిను తడవడమే గగనం.

తూముల విషయం చిన్నదే, కానీ మూసుకుపోయిన తూము ముందు ఏ మిశ్రమమూ నిలవదు. 20 లీటర్ల పెయింటు బకెట్‌కు అడుగున 10 మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరు, అడుగుకు ఒక సెంటీమీటరు పైన పక్కల్లో నాలుగు వెయ్యాలి. మిద్దె గచ్చుకు అడుగు అతుక్కుంటే పక్క రంధ్రాలు ఆదుకుంటాయి. రంధ్రాల మీద దోమతెర ముక్క పరిస్తే మన్ను జారదు. కుండీ కింద మూడు ఇటుకముక్కలు పెట్టి వేలు దూరేంత ఎత్తు ఉంచాలి. తూము లేని తులసి కోటకు కింద పక్కగా 12 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేసి, బయటికి వాలుగా చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క దూర్చి, లోపలి చివర దోమతెర కట్టాలి. డ్రిల్లు పట్టేవాళ్లకు పావుగంట పని.

నర్సరీల ఊరు కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలతో ఇంకో చిక్కుంది. వాటి వేళ్ల చుట్టూ ఉండేది గోదావరి ఒండ్రు, జిగట మన్ను. ఆ ముద్దను అలాగే గుల్ల మిశ్రమంలో దించితే, పైన చెప్పిన రాళ్ల కథే మళ్లీ జరుగుతుంది. ముద్దలోని సన్నటి సందుల నీళ్లు బయటి ముతక సందుల్లోకి రావు, చుట్టూ ఆరి ఉన్నా మధ్యలో బురద. లేదంటే ముద్ద ఎండి రాయిలా అయిపోతే నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి. గులాబీకయితే ముద్దను అరగంట నీళ్లలో నానబెట్టి, బయటి మూడోవంతు మన్ను వేళ్లతో నెమ్మదిగా రాలగొట్టి నాటాలి. కాగితప్పూల చెట్టు వేళ్లు పెళుసు, దానికి ఆ పని చేస్తే చచ్చిపోతుంది. ముద్ద పక్కల నాలుగుచోట్ల పుల్లతో గుచ్చి అంతటితో వదిలెయ్యాలి.

వేసవిలో కథ అడ్డం తిరుగుతుంది. మే నెల మిద్దె మీద పొట్టు ఎక్కువున్న కుండీ ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లను అంటనివ్వదు. మన్ను ముడుచుకుని కుండీ గోడకూ దానికీ మధ్య సందు పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి పది క్షణాల్లో కింద కారిపోతాయి. ‘భలే దిగుతున్నాయి’ అనుకుంటారు, లోపల వేరు దాహంతో ఎండుతుంటుంది. తూముల్లోంచి నీళ్లొచ్చాక వేలు రెండంగుళాలు లోపలికి పెట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. ఆ కుండీని టబ్బు నీళ్లలో అంచుదాకా ముంచి, బుడగలు ఆగేదాకా, సుమారు అరగంట, ఉంచి తియ్యాలి. ఇందుకే ఎర్రమన్నును పూర్తిగా తీసెయ్యకుండా రెండు డబ్బాలు ఉంచేది. అది మళ్లీ తడవడానికి మొండికెయ్యదు.

బోరు నీళ్ల సంగతి కూడా తేల్చుకోవాలి. కుండీ బయట తెల్లటి పొర కట్టడం లవణాల గుర్తు. అందులో సోడియం ఎక్కువయితే బంకమన్ను రేణువులు విడిపోయి సందుల్లో పేరుకుంటాయి, ముందు బాగా దిగిన కుండీ కూడా క్రమంగా మందగిస్తుంది. చెనక్కాయ పైరుకు ఎకరాకు 200 కిలోలు వేసే జిప్సమే దీనికీ మందు. 12 అంగుళాల కుండీకి రెండు చెంచాలు పైన చల్లి, తూముల్లోంచి బాగా కారేదాకా నీళ్లు పొయ్యాలి. సోడియం లేని చోట జిప్సం నీటిపారుదలకు చేసేదేమీ లేదు, బిగుసుకున్న మన్నును అది గుల్ల చెయ్యదు. వానాకాలంలో మిద్దె నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి నెలకోసారి దిగపోసినా లవణాలు కడుక్కుపోతాయి.

బరువు లెక్క మరిచిపోకూడదు. తడిసిన ఎర్రమన్ను 20 లీటర్ల బకెట్ సుమారు 36 కిలోలు, పైన చెప్పిన మిశ్రమం 22 దగ్గర. మనుషులు తిరిగే మిద్దెకు, కట్టడాల భారాల మీది భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే భారం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. ఎర్రమన్ను బకెట్లు నాలుగు పెట్టగానే ఆ మీటరు నిండిపోతుంది. పెద్ద కుండీలను గోడల మీదికి, దూలాల మీదికి వచ్చేలా అంచుల్లో పెట్టాలి.

2021 నవంబరులో తిరుపతిని ముంచినలాంటి వాన, 2023 డిసెంబరు మిచౌంగ్ లాంటి తుపాను ముంచుకొస్తే మిశ్రమం మార్చే తీరిక ఉండదు. అప్పటికి రెండు పనులు చెయ్యొచ్చు. కుండీ కింద ఒక పక్క ఇటుక పెట్టి బాగా వాలిస్తే అడుగు మూల పల్లమై, నీటి మట్టం కింద మన్ను తక్కువ మిగిలి, ఇంకాస్త నీరు కారుతుంది. అలా వాల్చినప్పుడు ఒక తూము కింది మూలలో ఉండేలా తిప్పుకోవాలి. రెండోది వత్తి. పాత నూలుగుడ్డ పేలిక ఒకటి పుల్లతో తూములోంచి 5 సెంటీమీటర్లు లోపలికి తోసి, బయట జానెడు వేలాడదీస్తే, స్పాంజిని నిలువుగా తిప్పినట్టే మన్ను ఎత్తు పెరిగిన లెక్క అవుతుంది, పేలిక చివరినుంచి చుక్కలు రాలుతూనే ఉంటాయి. కుండీ కింద పళ్లేలుంటే తుపాను కబురు వచ్చిన రోజే తీసెయ్యాలి. వాన వెలిశాక మూడు రోజులు ఎరువు వెయ్యొద్దు, కొత్త వేరు రాకముందే లవణాలు తగిలితే మిగిలిన వేళ్లూ మాడతాయి.

ఎంత బాగా కలిపినా ఏడాదిన్నరకు పొట్టు, ఎరువు చివికి మిశ్రమం నాలుగు వేళ్లు దిగుతుంది. పైన కొత్త ఎరువు పోసి నింపేస్తే మొక్క మెడదాకా మునుగుతుంది, కింద బిగుసుకున్నది అలాగే ఉంటుంది. వానలు పూర్తిగా వెనక్కి తగ్గి, ఎండ ముదరకముందు, జనవరి చివరినుంచి ఫిబ్రవరి దాకా మొక్కను పైకి తీసి, పాత మిశ్రమాన్ని దోమతెర మీద జల్లించాలి. మీద మిగిలిన ఇటుకముక్కలు కడిగి ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. కింద రాలిన పిండిని అరటి పాదులోనో, పెరట్లోనో వేస్తే సరి, కుండీలోకి మాత్రం మళ్లీ రానివ్వకండి.